పండగ పని తగ్గించుకోకండి

ధనుర్మాసం పట్టగానే ఎక్కడ చూసినా ఒకే రకం సలహాలు కనబడతాయి. పండక్కి ఒత్తిడి పెట్టుకోవద్దు, పనులు తగ్గించుకోండి, పిండివంటలు కొనేసుకోండి, రద్దీ లేని రోజు చూసుకుని బయల్దేరండి, గొడవొచ్చే మాటలు ఎత్తకండి, రోజులో ఒక గంట ఫోను కట్టేసి ఒంటరిగా కూర్చోండి. ఇవన్నీ నేను మూడేళ్ళపాటు అక్షరం పొల్లుపోకుండా పాటించాను. హైదరాబాదు నుంచి కోనసీమలో మా అత్తవారి ఊరికి వెళ్ళే సంక్రాంతి ప్రయాణం మాది. మొదటి ఏడు అరిసెలు కొనుక్కెళ్ళాం. రెండో ఏడు అందరి మధ్యా నిద్ర పట్టదని అమలాపురంలో గది తీసుకున్నాం. మూడో ఏడు రద్దీ తప్పించుకుందామని కనుమనాడు మధ్యాహ్నం భోజనాల మధ్యలోంచి లేచి వచ్చేశాం.

మూడేళ్ళూ తిరిగొచ్చాక నాకు తలనొప్పి, విసుగు. ఒళ్ళు వంచి చేసిన పని ఏమీ లేదు, అయినా ఏదో పెద్ద బరువు మోసి దింపినట్టుండేది. నాలుగో ఏడు అన్నీ తిరగేశాను. ఏవి వద్దన్నారో అవన్నీ చేశాను. ఈ పద్ధతిలో ఎనిమిది పండగలు గడిపాక చెబుతున్నాను: పని తగ్గించుకోకండి. పెంచండి. కాకపోతే ఆ పనిలోకి మనుషుల్ని దించండి. ఒక్క మనిషి మీద పడితే కిలో బియ్యం పిండి కూడా నడుం విరుస్తుంది. పది చేతులు పడితే కుంచాలకు కుంచాలు మధ్యాహ్నానికి అయిపోతాయి.

ముందు అరిసెలు వండండి. తేలికని సున్నుండలు మొదలెట్టకండి, అవి ఒక్కరూ చుట్టేయొచ్చు. అరిసె అలా కాదు. ముందురోజు నానబోసిన బియ్యం వడేసి, తడి ఉండగానే మరకు పట్టుకెళ్ళాలి. వచ్చిన పిండి ఆరకూడదు. ఒకరు జల్లిస్తూ ఉంటే ఇంకొకరు జల్లించిన పిండిని గిన్నెలో నొక్కి తడిబట్ట కప్పాలి. మా ఇంట్లో కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. పాకం దగ్గర మా అత్తగారు కూర్చునేవారు. చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టుకుని చుక్క చుక్క వేసి చూసేవారు. వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. గిన్నెకేసి కొడితే టంగుమన్నదంటే ముదిరిపోయింది, ఆ అరిసె పళ్ళకి పని చెబుతుంది. ఉండ కట్టకుండా జారిందంటే లేత పాకం, నూనెలో వేయగానే విచ్చుకుపోతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న వ్యవధి అరనిమిషం. ఆ అరనిమిషంలో గిన్నె దించాలి, ఒకరు పిండి పోస్తూ ఉండాలి, ఒకరు తెడ్డుతో ఉండలు కట్టకుండా తిప్పుతూ ఉండాలి. చలిమిడి చల్లారకముందే ఒకరు ఉండలు చెయ్యాలి, ఒకరు నువ్వులద్ది అరిటాకు మీద తట్టాలి, ఒకరు బాణలి దగ్గర, ఒకరు చెక్కల దగ్గర. రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండేదాకా అది అరిసె కాదు.

లెక్కపెట్టి చూడండి. ఎంత తగ్గించినా ముగ్గురు లేనిదే ఈ వంట కాదు. దీన్ని ఎవరు కనిపెట్టారోగాని ఒంటరి మనిషి చేతికి దొరక్కుండా కనిపెట్టారు. తెలంగాణలో సకినాలూ అంతే. మా అపార్టుమెంటులో కరీంనగర్ వాళ్ళింట్లో చూశాను. గది పొడుగునా తెల్లబట్ట పరిచి, నువ్వులూ వామూ కలిపిన బియ్యప్పిండిని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు చుడుతుంటే, అంచుల చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు. నన్నూ కూర్చోబెట్టారు. నా చుట్టు నాలుగుసార్లు తెగింది. ఆ గంటన్నరలో ఆ ఇంటి కోడలు తన ఉద్యోగం పోయిన సంగతి చెప్పింది. అంతకుముందు రెండేళ్ళుగా లిఫ్టులో రోజూ కలుస్తున్నాం. చేతికి పనుంటే నోటికి ధైర్యం వస్తుంది. కళ్ళలోకి చూసి చెప్పలేని మాట, పిండి వంక చూస్తూ చెప్పగలుగుతాం.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. చేతులు పెంచండి అంటే కోడళ్ళని పెంచండి అని కాదు. పాకంలో పిండి పడ్డాక తెడ్డు తిరగాలంటే భుజం కావాలి. అది మగవాళ్ళ పని. మా బావగారి చేతికి నేనే ఇచ్చాను తెడ్డు. ఆయన మొహమాటపడ్డారు, మా తోటికోడలు నాకేసి గుడ్లురిమింది, ఆయన తిప్పారు. ఆ ఏడు నుంచి తెడ్డు ఆయనదే, ఇంకెవర్నీ పట్టుకోనివ్వరు. ఇంట్లో మగవాళ్ళు అరుగు మీద పేపరు చదువుతూ, వంటింట్లో ఒక్క మనిషి నూనె సెగకి మాడుతూ ఉండే ఇల్లు మీదయితే, ఆ ఇంట్లో అరిసెలు వండకండి. చెక్కలు కడిగి అటక మీద పెట్టి, ఎందుకు పెట్టారో అందరికీ వినబడేలా చెప్పండి.

ఇక ప్రయాణం. రైలు టికెట్లకి ముందస్తు గడువు 2024 నవంబరు నుంచి 120 రోజులు కాస్తా 60 రోజులయింది. జనవరి 12న బయల్దేరాలంటే నవంబరు 13న పొద్దున 8 గంటలకి ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. రెండు నిమిషాల్లో వెయిటింగ్ లిస్టు. ఆ రోజు నుంచే పండగ దిగులు మొదలు. నా సలహా ఏమిటంటే, పెద్దవాళ్ళకీ ఒంట్లో బాగాలేని వాళ్ళకీ దొరికిన బెర్తులు ఇచ్చేయండి. మిగతావాళ్ళు ఆ తాపత్రయం వదిలేయండి. మీ ఊరి వైపు వాళ్ళు మీ కాలనీలో ఎందరున్నారో కనుక్కుని, అందరూ కలిసి ఒక వ్యాను మాట్లాడుకోండి. అందరూ బయల్దేరే రాత్రే మీరూ బయల్దేరండి. ఖాళీ రోడ్డు కోసం తెల్లవారుజామున రెండింటికి లేచి, దొంగల్లా చడీచప్పుడు కాకుండా ఊరు దాటకండి.

విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన బళ్ళని చూసి భయపడతారు. నాకు ఆ వరస అంటే ఇష్టం. అన్ని వేల మంది ఒకే వైపు మొహం పెట్టి, ఒకే పని మీద వెళ్తున్న రాత్రి ఏడాదిలో ఇంకొకటి లేదు. ఒకసారి అక్కడ గంటకి పైగా ఆగాం. పక్క కారులో పసిపిల్ల ఏడుస్తుంటే మా వ్యానులోంచి వేడినీళ్ళ ఫ్లాస్కు వెళ్ళింది, వాళ్ళ దగ్గర్నుంచి పులిహోర డబ్బా వచ్చింది. వాళ్ళది పాలకొల్లు అవతల ఏదో ఊరు. వాళ్ళమ్మగారికి మోకాళ్ళ ఆపరేషను అయిందనీ, ఈసారి ముగ్గు ఎవరు వేస్తారోననీ ఆ కారులో ఆవిడ దిగులు. ఆలస్యమైపోతోందని పళ్ళు నూరుతూ కూర్చునే మనిషికి ఆ గంట గంటగానే గడుస్తుంది. కారు అద్దం దించిన మనిషికి పండగ పంతంగిలోనే మొదలవుతుంది. డ్రైవరుకి మాత్రం దారిలో రెండుసార్లు నిద్ర దొరికేలా చూడండి, ఆయన తిన్నాకే మీరు తినండి. ఆయనకీ ఒక ఊరుంది. సిద్ధాంతం వంతెన మీదకి వచ్చేసరికి తెల్లారుతూ ఉంటుంది. వసిష్ఠ గోదావరి కనబడగానే పిల్లల్ని లేపండి, ఎంత గాఢనిద్రలో ఉన్నా సరే.

బట్టల సంగతి రెండు మాటల్లో. ఒక్కొక్కరికీ నచ్చినవి వెతుకుతూ పది కొట్లు తిరగకండి. ఒక తాను కొని అందరికీ అదే కుట్టించండి. పూర్వం అలాగే చేసేవాళ్ళు. పిల్లలు మొదట మొహం ముడుచుకుంటారు, ఫొటోలో చూసుకున్నాక ఊరుకుంటారు. అప్పు మాత్రం చెయ్యకండి.

పడకలు. హోటల్ గది వద్దు. ఉన్న గదుల్లో ఎవరికి మంచం, ఎవరికి ఏసీ అన్న లెక్క కూడా వద్దు. హాల్లో చాపలూ బొంతలూ పరిచి అందరూ వరసగా పడుకోండి. నిద్ర సరిగ్గా పట్టదు, నిజమే. పట్టనివ్వకండి. దీపం ఆర్పాక చీకట్లో నడిచే మాటలకి పగటి మాటలు సాటిరావు. మా పెద్దబ్బాయి తను చదువుతున్న కోర్సు నచ్చలేదన్న సంగతి మొదట చెప్పింది నాకూ కాదు, వాళ్ళ నాన్నకీ కాదు. చాప మీద పక్కన పడుకున్న చిన్నాన్నకి. ఎలాగూ భోగినాడు నాలుగింటికి లేవాలి. మంటలో ఆవుపేడ పిడకల దండ, విరిగిన పీట, ఎండు కొబ్బరిమట్టలు వెయ్యండి. టైర్లూ ప్లాస్టిక్కూ వెయ్యనివ్వకండి, ఉబ్బసం ఉన్నవాళ్ళని పొగకి ఎదురుగా నిలబెట్టకండి.

ఫోను కట్టేయమన్న సలహా నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోస్తుంది. పండక్కి రాలేకపోయిన వాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ సంగతేమిటి? మా ఆడపడుచు కొడుకు డాలస్‌లో ఉంటాడు. చలికాలంలో వాళ్ళకీ మనకీ పదకొండున్నర గంటల తేడా. మనకి భోగి తెల్లవారుజాము నాలుగున్నర అంటే వాళ్ళకి ముందురోజు సాయంత్రం ఐదు. సంక్రాంతికి అక్కడ సెలవుండదు. ఆఫీసు నుంచి బయటికొచ్చి పార్కింగులో కారులో కూర్చుని, మంట అంటించేదాకా ఫోనులో చూస్తూ ఉంటాడు. మాటలేమీ ఉండవు. ఫోనుని ఇటుకకి ఆనించి అరుగు మీద పెట్టేస్తాం, మా గోల మాది, వాడు చూస్తుంటాడు. ఒక్కోసారి "అత్తయ్యా, అటుపక్క కట్టె జారుతోంది చూడు" అంటాడు. చార్జరు మంట దగ్గరికి వచ్చేలా ముందే పొడుగు వైరు తెచ్చి పెట్టుకోండి. రాలేనివాళ్ళ పిల్లలకి కూడా వీడియోలో చూపిస్తూ భోగిపళ్ళు పొయ్యండి. ఇక్కడ ఇంకెవరి పిల్ల తల మీదో పోసినా సరే, వాళ్ళ పేరు చెప్పి పొయ్యండి.

ఇప్పుడు అసలైన సంగతికి వస్తాను. పండగపూట గొడవలు ఎత్తకూడదంటారు. ఎత్తండి. కనుమనాడు ఎత్తండి.

మావారు ముగ్గురన్నదమ్ములు. మామగారు పోయాక కొబ్బరితోట బావగారే చూసుకుంటున్నారు, అత్తగారూ ఆయన దగ్గరే ఉండేవారు. కాయల దింపు తీయించిన ప్రతిసారీ వచ్చే డబ్బు లెక్క మిగతా ఇద్దరికీ తెలిసేది కాదు. ఆరేళ్ళు ఎవ్వరూ నోరు విప్పలేదు. పండక్కి వచ్చి, నవ్వి, గారెలు తిని, తిరుగు ప్రయాణంలో రావులపాలెం దాటగానే మొదలెట్టేవాళ్ళం. హైదరాబాదు దాకా అదే మాట. మరిదిగారి కారులోనూ అదే మాట నడిచేదని తర్వాత తెలిసింది. ఆ నాలుగు రోజుల నవ్వుకి అయ్యే శ్రమ ముందు అరిసెల శ్రమ ఏపాటి? మూడేళ్ళ తలనొప్పికి మూలం అదేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆ నాలుగో ఏడు కనుమనాడు మినపగారెలూ భోజనాలూ అయ్యాక, అందరూ అరుగు మీద ఉండగా నేనే అడిగాను, "బావగారూ, దింపు లెక్క ఒకసారి చూద్దామా?" అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. మా తోటికోడలు ఏడ్చింది. మరిది లేచి చెప్పులేసుకున్నాడు. అప్పుడు అత్తగారు తలుపు దగ్గర్నుంచి, "కనుమనాడు కాకైనా కదలదురా. కూర్చో," అన్నారు. కూర్చున్నాడు. ఆ సామెత ఎందుకు పుట్టిందో నాకు ఆరోజు బోధపడింది. మాట మొదలయ్యాక మధ్యలో లేచిపోవడానికి వీల్లేని రోజు ఏడాదికి ఒక్కటైనా ఉండాలి.

బావగారు లోపలికెళ్ళి పుస్తకం తెచ్చారు. దింపు దింపుకీ రాసి ఉంది. కాయల లెక్క, కూలి, ఎరువు, అత్తగారి కంటి ఆపరేషను ఖర్చు. రెండు దింపుల డబ్బు మాత్రం లేదు. అమ్మాయి కాలేజీ ఫీజుకి వాడుకున్నానని ఆయనే తల వంచుకుని చెప్పారు. "అడిగితే మేం కాదంటామా అన్నయ్యా" అన్నాడు మరిది. ఆ మాట ఆరేళ్ళుగా వాడి దగ్గరే ఉంది. ఇప్పుడు ప్రతి కనుమకీ ఆ పుస్తకం అరుగు మీదకి వస్తుంది.

ప్రతిసారీ ఇలాగే అవుతుందని నేను చెప్పను. తర్వాతి ఏడు అత్తగారి గొలుసు సంగతి ఎత్తితే మా ఆడపడుచు తెల్లారి ముక్కనుమనాడు వెళ్ళిపోయి రెండు పండగలకి రాలేదు. అత్తగారికి జబ్బు చేసినప్పుడే మళ్ళీ వచ్చింది. కొడుకు మాత్రం డాలస్ నుంచి ఫోను మానలేదు. గొలుసు మాట అడిగింది నేనే, ఇప్పటికీ అడగకుండా ఉండాల్సింది అనుకోను. కాని అన్నం తినకముందు అడిగాను, అది నా తప్పు. కడుపు నిండాక అడగండి. తాగినవాళ్ళు ఎవరూ లేనప్పుడు అడగండి. చేతిలో లెక్క పుస్తకం ఉంటే మాట దాని మీదే నిలబడుతుంది, పాత పెళ్ళిళ్ళ దాకా పోదు. పిల్లల్ని ఆడుకోమని బయటికి పంపేయకండి. పెద్దవాళ్ళు కేకలేసుకోవడం వాళ్ళు ఎలాగూ గోడ చాటునుంచి వింటారు. రాత్రికి ఆ పెద్దవాళ్ళే ఒకే పీట దగ్గర కూర్చుని చద్దిగారెలు తినడం కూడా వాళ్ళు చూడాలి.

మా ఊరి దగ్గరవాళ్ళు కనుమ సాయంత్రానికి జగ్గన్నతోట తీర్థానికి వెళ్తారు. గొడవ అయిన రోజు మేమూ వెళ్ళాం. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రుల ప్రభలు ఒకచోట చేరతాయి. వెదురుతో కట్టి రంగు రంగుల బట్టలూ నెమలి పింఛాలూ అలంకరించిన ఆ ప్రభల్ని మనుషులే భుజాల మీద మోసుకొస్తారు. కొన్ని కౌశిక నది నీళ్ళల్లోంచి, వరిచేల మధ్యనుంచి వస్తాయి. నీళ్ళల్లో కాళ్ళు జారుతుంటే ఒకవైపు వాళ్ళు తూలినప్పుడు రెండోవైపు వాళ్ళు పట్టు బిగిస్తారు. మా మరిదీ బావగారూ పక్కపక్కన నిలబడి చూశారు. ఇద్దరూ మాట్లాడుకోలేదు, కాని పక్కపక్కనే నిలబడ్డారు. దాంతో నాకు సరిపోయింది.

ఇంకొక్క సలహా ఉంది. దీన్ని చాలామంది ఒప్పుకోరు. ఏడాదిలోపు మనిషి పోయిన ఇంటికి పండగ ఉండదు కాబట్టి ఆ నాలుగు రోజులూ ఆ గడపకేసి వెళ్ళకుండా ఉండటం మర్యాద అనుకుంటారు. వెళ్ళండి. ముందుగా వెళ్ళండి. పండగ దిగులు అన్నిటికన్నా ఎక్కువ పేరుకునేది ముగ్గు లేని వాకిట్లోనే.

అత్తగారు పోయిన ఏడు మేం ఊరికి వెళ్ళాలా వద్దా అని తర్జనభర్జన పడ్డాం. వెళ్ళి చేసేదేముంది, నూనె మూకుడు పొయ్యి మీద పెట్టకూడదు, మంట లేదు, కొత్తబట్ట లేదు, ఇక్కడే ఉంటే బాధ తెలియదు అన్నారు మావారు. నేను పట్టుబట్టాను. అందరం వెళ్ళాం. ఆడపడుచు కూడా వచ్చింది. భోగినాడు నాలుగింటికి అలవాటుగా మెలకువ వచ్చేసింది, ఎవరం లేవలేదు. చాపల మీద పడుకుని వీధిలో మంటల చప్పుడు విన్నాం.

పొద్దెక్కాక ఒక్కొక్కరే రావడం మొదలెట్టారు. మూకుడు పెట్టని ఇంటికి ఇరుగుపొరుగు తెచ్చి పెట్టాలన్నది మా వైపు ఆనవాయితీ. మధ్యాహ్నానికి ఏడిళ్ళ అరిసెలు వచ్చాయి. అన్నీ ఒకే పళ్ళెంలో పెట్టాం. బావగారు ఒక్కొక్కటీ విరిచి, "ఇది లేత పాకం, ఎదురింటిది. ఇది ముదిరింది, కరణంగారింటిది," అని చెబుతూ వచ్చారు. ఏడోది నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. ఇంకో ముక్క విరిచి ఆడపడుచు చేతికిచ్చారు. ఆవిడ తిని నాకేసి చూసింది. వెనకింటి కొత్త కోడలు తెచ్చినవవి. గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

"మీ అత్తయ్యగారు పోయిన పండక్కి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాకం చూపించారండీ," అంది. "చెక్కలు కూడా మీవే. అప్పుడు తీసుకెళ్ళి ఇవ్వడం మర్చిపోయాను."

తెచ్చి గడప మీద పెట్టింది. మా తోటికోడలు వాటిని తీసి మళ్ళీ ఆ పిల్ల చేతిలోనే పెట్టి, "వచ్చే ఏడు పట్టుకురా. నువ్వూ రా," అంది.